ఉరుముల పెద్దాయనను ఊరు సాగనంపేటప్పుడు: చందా, లెక్క, మర్యాద

అనంతపురం జిల్లాలో, ముఖ్యంగా కల్యాణదుర్గం, రాయదుర్గం వైపు పల్లెల్లో, ఊరి దేవత జాతర ఉరుముల వాళ్లు రానిదే మొదలు కాదు. ఉరుము రెండు ముఖాలున్న తోలు వాద్యం. దాని ఒక ముఖం మీద పుల్లతో ఒత్తి రాస్తే మేఘం గర్జించినట్టు మోత పుడుతుంది, పేరు కూడా దానివల్లే వచ్చింది. ఆ మోతకు పూనకం వచ్చిన ఆడవాళ్లు, దాని వెంట నడిచిన పిల్లలు, దాన్ని విని మొక్కు చెల్లించుకున్న రైతులు జిల్లా నిండా ఉన్నారు. అయితే ఆ వాద్యం మోసిన మనిషి కన్నుమూసిన రోజున ఆ ఇంట్లో గుంత తవ్వించడానికి కూడా డబ్బు ఉండకపోవచ్చు. ఇవ్వాలని అందరికీ ఉంటుంది, ఎవరి చేతికి ఇవ్వాలో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ తెలియనితనంలో సాయంత్రమైపోతుంది.

మూడేళ్ల కిందట మా ఊరి ఉరుముల పెద్దాయన పోయినప్పుడు చందా రసీదు పుస్తకం పట్టుకున్నవాణ్ణి నేనే. కొన్ని పనులు సరిగా చేశాం, రెండు మూడు మాత్రం చెడగొట్టి, వాటిని సరిచేసుకోవడానికి నెలల తరబడి తిరిగాం. బుర్రకథ కళాకారుడైనా, తోలుబొమ్మలాట ఆడించినవాడైనా, చెక్కభజన గురువైనా, తప్పెట వాయించినవాడైనా పద్ధతి ఇంచుమించు ఒకటే కాబట్టి, రేపు ఏ ఊరివారికైనా పనికి వస్తుందని దీన్ని రాస్తున్నాను.

మొదటి మాట ఆ ఇంటివారిది

ఫోనులో ఒక్క సందేశం పంపక ముందే, ఒక్క దుకాణం ముందు చేయి చాచక ముందే, ఆ ఇంటి గడపలో కూర్చుని అడగవలసినవి కొన్ని ఉన్నాయి. చందా వేయడం వారికి సమ్మతమేనా అన్నది అన్నిటికన్నా ముందు అడగాలి. కొన్ని కుటుంబాలకు అది పరువు విషయం. మా పెద్దాయన భార్య మొదట ఒప్పుకోలేదు. “ఆయన బతికినన్నాళ్లూ వాయించి పుచ్చుకున్నాడే గానీ ఊరికే పుచ్చుకోలేదు నాయనా, ఇప్పుడు చచ్చి అడుక్కున్నాడనిపిస్తారా” అంది. ఆమెతో వాదించడం తప్పు. ఆయన వాయించిన జాతరల కమిటీలు ఇంకా ఆయనకు బాకీ ఉన్నాయని, మేము వెళ్లేది ఆ బాకీ అడగడానికేనని చెప్పిన తర్వాత ఆమె తల ఊపింది. మా వసూలు మొత్తానికి అక్కడే దారి దొరికిందని తర్వాత అర్థమైంది.

ఖననమా దహనమా, ఏ వేళకు, ఎక్కడ, ఎవరి చేతుల మీదుగా అన్నది కుటుంబం, కులపెద్దలు చెప్పినట్టే జరగాలి. కమిటీ అందులో తలదూర్చకూడదు. ఆయన ఫొటో, పేరు, వాయిస్తున్న వీడియోలు బయటికి పంపవచ్చా అని కూడా విడిగా అడిగి తీరాలి. ఆస్ట్రేలియాలోని చాలా ఆదివాసీ సమాజాల్లో చనిపోయినవారి పేరు పలకడం, బొమ్మ చూపడం కొంతకాలం నిషిద్ధం. అందుకే 2022 జులైలో అక్కడి ఆదివాసీ గాయకుడు ఆర్చీ రోచ్ మరణించినప్పుడు, తండ్రి పేరును, చిత్రాన్ని, పాటలను వాడుకోవచ్చని ఆయన కొడుకులు బాహాటంగా అనుమతి ఇచ్చిన తర్వాతే లోకం వాటిని వాడుకుంది. మనకు అలాంటి నిషేధం లేకపోయినా అనుమతి అడిగే మర్యాద ఉండాలి. మంచాన పడి చిక్కిపోయిన మనిషి ముఖాన్ని ఆసుపత్రి పడక మీద ఫొటో తీసి చందా కోసం ఊరూరా తిప్పడం నాకు ఏనాడూ నచ్చలేదు. కాళ్లకు గజ్జెలు కట్టి, ఉరుము తగిలించుకుని నిలబడిన ఫొటో ఏ ఇంట్లోనైనా ఒకటి దొరుకుతుంది, వెతకాలి.

కమిటీ, మూడు మూటలు

కమిటీకి అయిదుగురు చాలు. కుటుంబం తరఫున ఒకరు, ఆయనతో కలిసి వాయించిన సాటి కళాకారుడు ఒకరు, లెక్క రాయగల ఉపాధ్యాయుడో రిటైరైన బ్యాంకు ఉద్యోగో ఒకరు, ఫోను పనులు తెలిసిన కుర్రవాడు ఒకడు, వీరితో పాటు తప్పనిసరిగా ఒక స్త్రీ. ఆడవాళ్లు ఇచ్చే చిన్న మొత్తాలు, బియ్యం, పప్పు స్త్రీ చేతికైతేనే సులువుగా అందుతాయి, ఆ ఇంటి లోపలి అవసరాలు కూడా ఆమెకే తెలుస్తాయి. డబ్బు పుచ్చుకునే మనిషి, ఖర్చు పెట్టే మనిషి వేరువేరుగా ఉండాలి. రాబోయే ఎన్నికల్లో నిలబడాలనుకునే వారిని కోశాధికారిగా పెట్టకండి. వారు మంచివారైనా సరే, రేపు ఆ చందా వారి ఖాతాలో పుణ్యంగానో ప్రత్యర్థి నోట్లో నిందగానో మారుతుంది.

ఇక మేము చేసిన పెద్ద తప్పు చెబుతాను. పెద్దాయన పేరు చెప్పి వసూలు మొదలుపెట్టాం గానీ, ఆ డబ్బు దేనికో మొదటి సందేశంలో చెప్పలేదు. ఇచ్చినవారిలో కొందరు ఖననానికని, కొందరు ముసలామె బతుకుతెరువుకని, కొందరు బస్టాండు దగ్గర విగ్రహానికని అనుకుని ఇచ్చారు. ఖర్చులన్నీ పోను కొంత మిగిలింది. దివసాల (పెద్దకర్మ) రోజు భోజనాల దగ్గర ఆ మిగులు మీద మాట పెరిగి, విగ్రహం అన్నవారు ఒక వైపు, ముసలామెకు ఇవ్వాలన్నవారు ఒక వైపు నిలబడ్డారు. చనిపోయిన మనిషి ఇంటి ముందు అలా అరుచుకోవడం చూసి నాకు తలకొట్టేసినట్టయింది. తప్పు ఆ రెండు వర్గాలది అనలేం, ఎవరి తలంపుకు తగ్గట్టు వారు ఇచ్చారు. ముందే చెప్పకపోవడం మాది.

కాబట్టి వసూలు మొదలయ్యే ముందే మూడు మూటలు విడదీసి, ఏ మూట నిండితే మిగిలిన డబ్బు ఏ మూటలోకి పోతుందో రాతపూర్వకంగా నిర్ణయించుకోవాలి. మొదటిది ఖననం, రెండవది దివసాలు, మూడవది మిగిలిన వారి జీవనం. స్మారకం, విగ్రహం, వార్షికోత్సవం అనే ఆలోచనలున్నవారు ఆరు నెలల తర్వాత దానికి వేరే రసీదు పుస్తకం తీసి వేరే వసూలు చేసుకోవాలే గానీ, శవం ఇంట్లో ఉండగా ఆ పేరు ఎత్తకూడదు.

అంచనా

ఎంత కావాలో తెలియకుండా అడిగితే ఇచ్చేవాడు కూడా ఎంత ఇవ్వాలో తేల్చుకోలేడు. అరగంట కూర్చుని ఒక కాగితం మీద ఖర్చులన్నీ రాయండి. శవాన్ని ఇంటికి చేర్చే బండి, ఐసు పెట్టె అద్దె, షామియానా, కుర్చీలు, కొత్త బట్ట, పూలు, పాడె సామాను, గుంత తవ్వే కూలి, దూరం నుంచి వచ్చే సాటి కళాకారుల బస్సు ఛార్జీలు, ఆ పూట వచ్చినవారికి అన్నం, దివసాల ఖర్చు అందులో ఉండాలి. మన నేలలో గుంత కూలిని తక్కువ అంచనా వేయవద్దు. మొరం నేల, రాతి నేల అయితే నలుగురు మనుషులు పొద్దుటి నుంచి తవ్వినా లోతు రాదు, ఎండాకాలమైతే ఇంకా కష్టం. జేసీబీ పిలిపిస్తే పని తొందరగా అయిపోతుంది గానీ, శ్మశానంలో పక్కనే ఉన్న పాత సమాధులు దెబ్బతినకుండా ఒక పెద్దమనిషి దగ్గరుండి చూసుకోవాలి. తవ్వేవారికి తాగడానికి డబ్బు అడిగే అలవాటు ఉన్న ఊళ్లలో ఆ పద్దును ఎక్కడా దాచవద్దు. కూలిని గట్టిగా మాట్లాడి కూలి కింద రాయండి, ఆ తర్వాత వారు దానితో ఏం చేసుకున్నా వారిష్టం.

అన్నిటికన్నా అనుకోకుండా మీద పడే ఖర్చు ప్రయాణానిది. అనంతపురం మనుషులు చాలామంది బెంగళూరు ఆసుపత్రుల్లో కన్నుమూస్తారు. అక్కడి నుంచి ఇక్కడికి రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దారి. ఆసుపత్రి గేటు దగ్గర ఏడుస్తున్న కొడుకుతో బండివాడు చెప్పిన ధరే ధర అవుతుంది. కమిటీ నుంచి ఒకరు ఫోనులో రెండు మూడు బండ్లను విచారించి, డీజిలు, టోలు, డ్రైవరు బత్తా అన్నీ కలిపి ఒకే ధర మాట్లాడాలి. ప్రభుత్వ బోధనాసుపత్రిలో చనిపోతే మహాప్రస్థానం వాహనం ఉచితంగా ఇంటికి చేరుస్తుంది కాబట్టి, కర్నూలు, అనంతపురం పెద్దాసుపత్రుల్లో ముందు దాని కోసం అడగండి. ఆస్ట్రేలియా ఆదివాసీ నటుడు డేవిడ్ గల్పిలిల్ 2021 నవంబరులో ఆ దేశపు దక్షిణ కొసన చనిపోతే, ఉత్తరాన వేల కిలోమీటర్ల దూరంలోని ఆర్నెమ్ లాండ్‌లో, తన సొంత నేలలో ఆయనను పూడ్చిపెట్టడానికి నెలలు పట్టింది. పుట్టిన మట్టిలోనే కలవాలన్న కోరిక అక్కడైనా ఇక్కడైనా ఒకటే, దాని ఖర్చు మాత్రం దారి పొడవును బట్టి పెరుగుతుంది.

డబ్బు ఎక్కడికి రావాలి

చనిపోయిన మనిషి ఫోన్‌పే నంబరు ఎన్నడూ ఇవ్వవద్దు. ఆయన జేబులో ఫోను ఉంది కదా, అందరికీ ఆ నంబరే తెలుసు కదా అని ఎవరో ఒకరు దాన్నే సందేశంలో పెట్టేస్తారు. మరణవార్త బ్యాంకుకు చేరగానే ఆ ఖాతాలో లావాదేవీలు ఆగిపోతాయి. ఆ తర్వాత అందులోని సొమ్ము నామినీకో వారసులకో అందాలంటే మరణ ధ్రువపత్రం, దరఖాస్తులు కావాలి, అప్పటికి గుంత తవ్వినవాడు మూడుసార్లు ఇంటికి వచ్చి పోయి ఉంటాడు. మాకు తొలి రెండు గంటల్లో వచ్చిన డబ్బు సరిగ్గా ఇలాగే ఇరుక్కుపోయింది.

ఇద్దరి సంతకాలతో నడిచే కొత్త ఉమ్మడి ఖాతా అన్నిటికన్నా మేలు గానీ, చావు రోజున బ్యాంకుకు వెళ్లి ఖాతా తెరవడం అయ్యే పని కాదు. అందుకని ఆ రోజుకు భార్య పేరనో కొడుకు పేరనో ఉన్న ఖాతాను వాడి, కమిటీలో మరొకరు ప్రతి గంటకు వచ్చిన మొత్తాలను కాగితం మీద ఎక్కించుకుంటూ ఉండటం నాకు మంచి పద్ధతిగా తోచింది. కమిటీ సభ్యుడి సొంత ఖాతాను వాడితే ఒక చిక్కు ఉంది. బంధువులు కానివారి నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో అందిన కానుకలు 50,000 రూపాయలు దాటితే, ఆదాయపు పన్ను లెక్కలో ఆ మొత్తమంతా పుచ్చుకున్నవాడి ఆదాయంగా చూస్తారు. ఇతర ఆదాయం లేని ముసలామెకు దానివల్ల పన్ను పడే అవకాశం తక్కువ. జీతగాడైన ఉపాధ్యాయుడైతే ఆ డబ్బు తనది కాదని రసీదులతో నిరూపించుకోవలసి వస్తుంది.

యూపీఐలో మామూలుగా ఒక మనిషి ఒక రోజుకు లక్ష రూపాయల వరకే పంపగలడు, పెద్ద మొత్తం ఇస్తానన్నవారికి బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడు ఇవ్వండి. క్యూఆర్ కోడును అచ్చు వేసి ఇంటి దగ్గర, రచ్చకట్ట దగ్గర అంటించేటప్పుడు, స్కాను చేస్తే తెరమీద ఏ పేరు కనబడాలో దాని కిందనే పెద్ద అక్షరాలతో రాయండి. బాగా తెలిసిన కళాకారుడైతే ఆయన ఫొటో కింద తమ సొంత కోడు పెట్టి వసూలు చేసే మోసగాళ్లు సాయంత్రానికల్లా తయారవుతారు.

విదేశాల్లో ఉన్న మన ఊరి పిల్లల విషయంలో ఒక జాగ్రత్త ఉంది. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సంపాదన నుంచి పంపినది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపేది మాత్రం విదేశీ విరాళమే. దాని కోసం 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషను ఉండాలి కాబట్టి, అటువంటి సొమ్మును కమిటీ మర్యాదగా వద్దనడమే మంచిది. ఆన్‌లైన్ విరాళాల వేదికలను ఖననం కోసం నమ్ముకోవద్దు. పత్రాలు పరిశీలించి డబ్బు చేతికి ఇచ్చేసరికి దివసాలు కూడా గడిచిపోతాయి. మూడవ మూట కోసమైతే అవి పనికి రావచ్చు.

ఏమని అడగాలి

విజ్ఞప్తి పొట్టిగా ఉండాలి, అందులో ఏడుపు తక్కువగా, వివరాలు ఎక్కువగా ఉండాలి. మా రెండో సందేశం, అంటే తప్పులు దిద్దుకున్న తర్వాత పంపినది, ఇంచుమించు ఈ తీరుగా ఉంది. అంకెలను మీ అంచనాకు తగ్గట్టు మార్చుకోండి.

“నలభై ఏళ్లు మన జాతరల్లో ఉరుము వాయించిన పెద్దాయన నిన్న రాత్రి కాలం చేశారు. రేపు ఉదయం 11 గంటలకు ఊరి శ్మశానంలో ఖననం జరుగుతుంది. కుటుంబ సభ్యుల సమ్మతితో ఈ విజ్ఞప్తి చేస్తున్నాం. ఖననానికి, దివసాలకు కలిపి 70,000 రూపాయలు కావాలని అంచనా. అంతకు మించి వచ్చిన ప్రతి రూపాయి ఆయన భార్య పేర డిపాజిట్ చేస్తాం. విగ్రహానికి గానీ సభలకు గానీ ఇందులో నుంచి ఖర్చు పెట్టం. డబ్బు ఆమె ఖాతాకే రావాలి. పదకొండో రోజు సాయంత్రం రచ్చకట్ట దగ్గర లెక్క చదువుతాం. ఇవ్వలేనివారు వచ్చి నాలుగు అడుగులు నడిస్తే చాలు.”

ఆ చివరి వాక్యం పెట్టమన్నది సాటి కళాకారుడు. అది పెట్టిన తర్వాత జనం ఎక్కువ వచ్చారు, డబ్బు కూడా తగ్గలేదు.

మొదట ఎవరి దగ్గరికి వెళ్లాలన్నదానికి నా దగ్గర ఒకటే సమాధానం ఉంది. ఆయన చేత వాయించుకున్నవారి దగ్గరికి వెళ్లండి. ఇంట్లో పాత పుస్తకం ఉంటే, లేకపోతే సాటి కళాకారుల జ్ఞాపకంలో, ఏయే ఊళ్ల జాతరలకు ఆయన వెళ్లేవాడో ఉంటుంది. ఆ ఊళ్ల జాతర కమిటీలకు, గుడి పెద్దలకు ఫోను చేసి చెబితే, చాలా చోట్ల అమ్మవారి హుండీ పక్కన పెట్టిన డబ్బులోంచో, చందాల మిగులులోంచో కొంత వస్తుంది. దానిలో దయ లేదు, బాకీ ఉంది, కాబట్టి అడగడానికి మొహమాటపడనక్కర లేదు. ఆ తర్వాత బజారు దుకాణాలు, ఆటో స్టాండు, స్కూలు, సంత. ఇంటికి ఇంత అని కట్టుబాటు పెట్టవద్దు. కూలి దొరకని రోజుల్లో ఆ కట్టుబాటు ఎవరి పొయ్యి మీద పడుతుందో మనకు తెలిసిందే.

రసీదు పుస్తకానికి వరుస నంబర్లు, కార్బను నకలు ఉండాలి. పది రూపాయలకైనా రసీదు చింపాలి. పెళ్లిలో చదివింపులు రాసే మనిషి ప్రతి ఊళ్లోనూ ఒకడు ఉంటాడు, అతన్నే కూర్చోబెట్టండి, పేర్లు, ఇంటిపేర్లు, ఊళ్లు తడబడకుండా రాస్తాడు. డబ్బు కాకుండా వచ్చినవి కూడా పుస్తకానికి ఎక్కాలి. షామియానా దుకాణదారు అద్దె వద్దంటే ఆ అద్దె విలువ, ఎవరో ఇచ్చిన బియ్యం మూట బరువు రాస్తే, వారి సాయానికి కూడా లెక్కలో చోటు దొరుకుతుంది. శవం దగ్గర పళ్లెం పెడితే అందులో పడిన చిల్లర ఎవరిదో తేలదు కాబట్టి పళ్లెం బదులు తాళం వేసిన పెట్టె పెట్టి, తాళంచెవి ఒకరి దగ్గర, పెట్టె ఒకరి దగ్గర ఉంచండి.

వాయించడానికి వచ్చినవారికి

కళాకారుడు పోయినప్పుడు ఇతర కళాకారులు తమంతట తామే వస్తారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఉరుముల వాళ్లు, తప్పెట వాళ్లు, భజన వాళ్లు వచ్చి రాత్రంతా మేలుకుని వాయిస్తారు. తమవాడు కాబట్టి ఊరికే వాయిస్తారులే అని కమిటీలు అనుకుంటాయి. నిజానికి ఆ మనిషి ఆనాటి కూలి వదులుకుని, బస్సుకు చేబదులు తీసుకుని వచ్చి ఉంటాడు. అందుకే అంచనా కాగితంలో వారి ఛార్జీలు, పూట అన్నం, చేతికి కొంత సొమ్ము మొదటే రాసిపెట్టాలని నా గట్టి అభిప్రాయం. కవరులో పెట్టి, పక్కకు పిలిచి ఇవ్వండి, ఫొటో తీయవద్దు. ఒకాయన వద్దన్నాడు. ఆయన పేర ఆ మొత్తాన్ని చందాగా రాసి రసీదు ఇచ్చాం.

ఆయన ఉరుము, గజ్జెలు, వేషం బట్టలు శవం పక్కన పెట్టాలా, గుంతలో పెట్టాలా, శిష్యుడికి అందించాలా అన్నది ఆ కుటుంబం, ఆ గురుపరంపర తేల్చుకోవలసిన మాట. అభిమానంతో కొనుక్కుంటామని, ప్రదర్శనకు పెడతామని ఎవరైనా వస్తే, కనీసం దివసాలు పూర్తయ్యే వరకు ఆ మాట ఎత్తనీయవద్దు. అధికార లాంఛనాలతో అంత్యక్రియలు అని ఎవరూ మైకులో ప్రకటించకండి. అది రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించవలసిన విషయం, ప్రకటించి జరగకపోతే అవమానం ఆ ఇంటికే.

కాగితాలు

మరణం ఇంట్లో జరిగితే పంచాయతీ కార్యదర్శికి లేదా వార్డు సచివాలయంలో 21 రోజుల లోపల తెలియజేసి నమోదు చేయించాలి. ఆసుపత్రిలో అయితే ఆసుపత్రే సమాచారం పంపుతుంది, పేరులో అక్షరాలు ఆధారు కార్డులో ఉన్నట్టే ఉన్నాయో లేదో ఆనాడే చూసుకోండి. 30 రోజులు దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు కావలసి వస్తుంది. ప్రమాదంలోనో అనుమానాస్పదంగానో పోతే పోలీసు పంచనామా, అవసరమైతే శవపరీక్ష పూర్తయ్యే వరకు ఖననం వేళ ప్రకటించకండి.

బ్యాంకు పాసు పుస్తకం తీసి, ఏడాదికి ఒకసారి 436 రూపాయలు గానీ 20 రూపాయలు గానీ కోసుకున్న పద్దు ఉందేమో చూడండి. మొదటిది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 55 ఏళ్లలోపు ఏ కారణంతో పోయినా రెండు లక్షలు. రెండవది సురక్షా బీమా, 70 ఏళ్లలోపు ప్రమాద మరణానికి రెండు లక్షలు. చాలామంది కళాకారులకు తాము ఆ బీమాలో ఉన్న సంగతే తెలియదు. దారిద్య్రరేఖ దిగువన ఉన్న ఇంటికి ఆధారమైన మనిషి 18 నుంచి 59 ఏళ్ల మధ్య పోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద 20,000 రూపాయలు వస్తాయి. రాష్ట్రంలో డప్పు కళాకారులకు 2024 నుంచి నెలకు 4,000 రూపాయల పింఛను ఉంది. చనిపోయిన భర్త పింఛనుదారైతే భార్యకు పింఛను మార్పించే సంగతి సచివాలయంలో సంక్షేమ సహాయకుణ్ణి వెంటనే అడగండి. ఈ పనులకు తిరిగే ఖర్చు చందాలోంచి పెట్టవచ్చు, అది మూడవ మూటకు చేరే ఖర్చే.

శ్మశానం విషయం సున్నితమైనదైనా చెప్పక తప్పదు. మన పల్లెల్లో బొందలగడ్డలు కూడా కులానికొకటిగా ఉన్నాయి, కొన్నిటికి దారి కూడా పక్క పొలం వారి దయ మీదే ఉంటుంది. ఊరంతా అభిమానించిన కళాకారుడు కదా అని శవయాత్రను కొత్త దారి పట్టించి, అక్కడ ఎవరో అడ్డుపడితే, ఆ ఘర్షణలో నలిగేది ఆ కుటుంబమే. దారిని, స్థలాన్ని ముందు రోజే పంచాయతీ పెద్దలతో, అవసరమైతే తహసీల్దారు కార్యాలయంలో ఖాయం చేసుకోండి. రోడ్డు పక్కన విగ్రహం పెట్టాలన్న ఉత్సాహం ఉన్నవారికి, పబ్లిక్ రోడ్ల మీద, కాలిబాటల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో ఆదేశించిందని గుర్తుచేస్తే చాలావరకు చల్లబడతారు.

లెక్క చదవడం

చెప్పిన రోజున, చెప్పిన చోట, చెప్పిన వేళకు లెక్క చదవాలి. మేము భోజనాల తర్వాత చదివాం, అప్పటికి సగం మంది వెళ్లిపోయారు, ఉన్నవారిలో మాట పెరిగింది. భోజనాలకు ముందు చదివితే అందరూ వింటారు, ఆకలి మీద ఉంటారు కాబట్టి గొడవ కూడా పొట్టిగా ముగుస్తుంది. మొత్తం జమ, రసీదుల సంఖ్య, పద్దులవారీగా ఖర్చు, మిగులు వరుసగా చదివి, ఆ కాగితం నకలు ఒకటి కుటుంబానికి ఇచ్చి, ఒకటి రచ్చకట్ట గోడకు అంటించి, ఒకటి ఫోనుల్లో పంపండి. దుకాణం బిల్లు లేని ఖర్చులకు పుచ్చుకున్నవాడి వేలిముద్ర లేదా సంతకం ఉండాలి. ఇస్తామని చెప్పి ఇవ్వనివారి పేర్లు చదవవద్దు. ఒక కుర్రవాడు మా దగ్గర అలా చదవబోతే సాటి కళాకారుడు చేయి పట్టి ఆపాడు. ఆ రోజు ఇవ్వలేకపోయిన ఒకాయన శనక్కాయలు అమ్ముకున్న తర్వాత తానే వచ్చి ఇచ్చాడు.

మిగులును చేతికి నోట్లుగా ఇస్తే చుట్టాల చేబదుళ్లకే సరిపోతుంది. పోస్టాఫీసులో నెలనెలా వడ్డీ వచ్చే పథకంలోనో, బ్యాంకు డిపాజిట్‌లోనో ఆమె ఒక్కరి పేరనే వేసి, నామినీ పేరు ఆమె చెప్పినట్టు రాయించి, బాండు ఆమె పెట్టెలో పెట్టించండి. కమిటీ దగ్గర ఒక్క కాగితం ఉండకూడదు. ఏటేటా ఆయన పేర కార్యక్రమం చేయాలనుకుంటే, రాష్ట్ర సొసైటీల రిజిస్ట్రేషను చట్టం 2001 ప్రకారం ఏడుగురు సభ్యులతో సంఘం పెట్టుకోవచ్చు. అయితే రెండు వర్ధంతులు మామూలుగా, సంఘం లేకుండా జరిపి చూసిన తర్వాతే ఆ పని చేయండి. బోర్డు కట్టి మూసేసిన సంఘాలు మన జిల్లాలో తక్కువ లేవు. ఆ లోపల, ఊళ్లవాళ్ల ఫోనుల్లో ఉన్న ఆయన వీడియోలన్నీ ఒకచోట చేర్చి రెండు పెన్‌డ్రైవుల్లో భద్రపరచడం మాత్రం వెంటనే చేయవలసిన పని. ఫోను పోతే ఆ మోత కూడా పోతుంది.

మా రసీదు పుస్తకంలో చివరి పద్దు ఏడు నెలల తర్వాతది. ముసలామె తన వడ్డీ డబ్బులోంచి, మేము వద్దన్నా వినకుండా, ఆయన ఉరుముకు కొత్త తోలు వేయించమని ఇచ్చింది. పని చేసినవాడి సంతకం, దాన్ని ఇప్పుడు తగిలించుకుంటున్న మనవడి సంతకం ఆ పేజీలో పక్కపక్కనే ఉన్నాయి. ఆ పద్దు రాసిన తర్వాత మిగిలిన ఖాళీ రసీదుల మీద అడ్డంగా గీత కొట్టి, పుస్తకాన్ని ఆమెకే అప్పగించాం.